రెండు రూపాయల వడ్డీ: పల్నాటి పట్టణాల ఇంటి పన్ను బకాయిలపై సంవాదం

పట్టణంలో ఇల్లో, దుకాణమో, ఖాళీ స్థలమో ఉన్న యజమాని పురపాలక సంఘానికి చెల్లించవలసిన ఆస్తి పన్నును జనవ్యవహారంలో ఇంటి పన్ను అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పన్ను 1965 నాటి పురపాలక సంఘాల చట్టాన్ని అనుసరించి రెండు అర్ధ సంవత్సరాలకు, అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక వాయిదాగానూ, అక్టోబరు నుంచి మార్చి వరకు మరొక వాయిదాగానూ విడివిడిగా లెక్కకు వస్తుంది. మొదటి వాయిదాను జూన్ 30 లోగా, రెండవదానిని డిసెంబరు 31 లోగా చెల్లించకపోతే ఆ తరువాతి నెల నుంచి బకాయిపై నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున సాధారణ వడ్డీ, అనగా వడ్డీపై వడ్డీ లేకుండా అసలుపై మాత్రమే నడిచే వడ్డీ, చేరుతుంది. ఏడాదికి లెక్కిస్తే అది నూటికి 24 రూపాయలు. దీనికి ఎదురు దిక్కున, ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోగా ఒకేసారి కట్టినవారికి నూటికి 5 రూపాయల రాయితీ ఉంది. ఆలస్యానికి విధించే ఆ రెండు రూపాయలు న్యాయమైన పరిహారమా, పేరు మార్చుకున్న శిక్షా అన్నది ఇక్కడి ప్రశ్న.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా ఈ ప్రశ్నకు తగిన నేల. ఇక్కడ 1915లోనే పురపాలక సంఘమైన నరసరావుపేట ఉంది, 1983లో ఆ హోదా పొందిన మాచర్ల ఉంది, 2020లో గ్రామ పంచాయతీ నుంచి నగర పంచాయతీగా, అంటే పల్లె లక్షణం పూర్తిగా వదలకుండా పట్టణంగా మారుతున్న ఊరికి చట్టం ఇచ్చిన తొలి మెట్టు పాలనగా, మారిన గురజాల ఉంది. డిమాండు నోటీసు ఒక ఊరికి శతాబ్దపు పరిచయమైతే మరొక ఊరికి నిన్నమొన్నటి అనుభవం. పైగా ఈ పట్టణాలలో ఇంటి యజమానులు చాలామందికి నెల జీతం లేదు; పత్తి, మిరప, సున్నం బట్టీ, నాపరాయి, వీటి మీద నడిచే వ్యాపారం వారి ఆదాయానికి ఆధారాలు.

ఈ సంవాదంలో వాదులు ఇద్దరూ కల్పితులు. వారి నోట వచ్చే చట్టాలు, తీర్పులు, అంకెలు వాస్తవాలు. ఒకరు పురపాలక రెవెన్యూ విభాగంలో బిల్లు కలెక్టరుగా చేరి పైమెట్లు ఎక్కి పదవీ విరమణ చేసిన పెద్ద. మరొకరు నరసరావుపేట కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది, ఆయనను బాబాయి అని పిలిచే చనువు గల మహిళ. శాస్త్ర చర్చలలో ఆక్షేపణకు మొదటి స్థానమిచ్చి దానిని పూర్వపక్షం అనడం సంప్రదాయం కనుక, న్యాయవాది వాదంతోనే మొదలు.

న్యాయవాది: బాబాయి గారూ, పన్ను, వడ్డీ, జరిమానా అన్నవి మూడూ వేరు వేరు భావనలని సుప్రీంకోర్టు 1996లో ప్రతిభా ప్రాసెసర్స్ కేసులో స్పష్టం చేసింది. చట్టం విధించినందువల్ల కట్టవలసింది పన్ను. దానిని గడువు దాటి తన దగ్గర ఉంచుకున్నందుకు ప్రభుత్వానికి కలిగిన నష్టానికి ఇచ్చే పరిహారం వడ్డీ. తెలిసి చేసిన ధిక్కారానికి విధించేది జరిమానా. జరిమానా వేయాలంటే తప్పు ఎంతటిదో, ఉద్దేశం ఏమిటో చూడాలని అంతకు చాలా ముందే, 1969లో, హిందూస్తాన్ స్టీల్ కేసులో అదే కోర్టు చెప్పింది. పరిహారమనే మాటకు ఒక కొలత ఉంది, నష్టం ఎంతో పరిహారం అంత. పురపాలక సంఘం ఏ బ్యాంకులో అప్పు చేసినా ఏడాదికి నూటికి 24 రూపాయలు కట్టదు. అలాంటప్పుడు 24 వసూలు చేసి దానికి వడ్డీ అని పేరు పెట్టడం, విచారణ లేకుండా, ఉద్దేశం చూడకుండా జరిమానా వేయడం కాదా?

అధికారి: పేరు సంగతి తరువాత చూద్దామమ్మా, ముందు ఊరి సంగతి చూడాలి. పల్నాడులో చేబదులు అప్పుకు నోటు రాసేటప్పుడు వడ్డీని ఏడాదికి ఇంత శాతమని ఎవరూ రాయరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలని రాస్తారు. బజారులో రెండు రూపాయల వడ్డీ మామూలు మాట. పన్ను బకాయిపై వడ్డీ దానికంటే తక్కువైతే లెక్క తెలిసిన వ్యాపారి ఏం చేస్తాడు? పురపాలక సంఘానికి కట్టవలసిన సొమ్మును తన సరుకులో తిప్పుకుంటాడు. తాకట్టు లేదు, హామీదారు లేడు, అడిగేవాడు నెలకొకసారి వస్తాడు. అంతకంటే చౌకైన అప్పు ఆయనకు ఎక్కడ దొరుకుతుంది? ఎగవేతకు అవకాశమివ్వని వడ్డీ అనేది బజారు వడ్డీకి సమానంగానైనా ఉండాలి. ఆ రెండు రూపాయలు ఎవరో గాలిలో నుంచి తీసిన అంకె కాదు.

ఈ సమాధానంలో బలం ఉంది. ఆలస్యపు వడ్డీకి రెండు పనులు ఉంటాయి. జరిగిన నష్టాన్ని పూడ్చడం వాటిలో ఒకటి, జరగబోయే జాప్యాన్ని ఆపడం మరొకటి. న్యాయవాది మొదటిదానిని కొలతగా తీసుకున్నది, అధికారి రెండవదానిని. ఒకే అంకె రెండు పనులూ చేయవలసి వచ్చినప్పుడు అది ఒకదానికి ఎక్కువా మరొకదానికి తక్కువా కావడం తప్పదు. న్యాయవాది అందుకే బజారును వదిలి, పురపాలక సంఘం స్వయంగా వేసుకున్న లెక్కలోకే వాదాన్ని మళ్లించింది.

న్యాయవాది: కాలానికి పురపాలక సంఘం కట్టే వెల ఎంతో తెలుసుకోవడానికి బజారుకు వెళ్లనక్కరలేదు, ఏప్రిల్ రాయితీని చూస్తే చాలు. ఏడాదికి 3,000 రూపాయల పన్ను గల ఇల్లు తీసుకోండి. వాయిదాకు 1,500. యజమాని ఏప్రిల్ 30న మొత్తం కడితే మొదటి వాయిదాను గడువుకు రెండు నెలల ముందు, రెండవదానిని ఎనిమిది నెలల ముందు కట్టినట్టు. సగటున ఐదు నెలలు. ఆ ఐదు నెలలకు సంఘం ఇచ్చేది నూటికి 5, అంటే 150 రూపాయలు. నెలకు నూటికి రూపాయి! ప్రజల సొమ్ము సంఘం దగ్గర ముందుగా ఉంటే నెలకు రూపాయి, సంఘం సొమ్ము ప్రజల దగ్గర ఆలస్యంగా ఉంటే నెలకు రెండు రూపాయలు. కాలం ఒకటే, వంద ఒకటే, కట్టేవారు మారగానే వెల రెట్టింపు ఎందుకయింది?

అధికారి: ఆ రెండవ రూపాయి వసూలు కూలి అనుకోండి. ఏప్రిల్‌లో కట్టేవారు కౌంటరు దగ్గరకు వచ్చో ఫోనులోనో కట్టి వెళతారు, వారి వెనుక తిరిగే పని ఉండదు. కట్టనివారికి డిమాండు బిల్లు పంపాలి, గుర్తుచేయడానికి మనిషి వెళ్లాలి, హెచ్చరిక నోటీసు రాయాలి, అప్పటికీ కదలకపోతే జప్తు వారెంటు, అంటే ఇంట్లోని చరాస్తిని స్వాధీనం చేసుకునే ఆజ్ఞ, సిద్ధం చేయాలి. డిమాండు ఎంత, వసూలు ఎంత, నిలువ ఎంత అని చూపే డీసీబీ పట్టికలో బకాయి గడి ప్రతి నెలా ఒక మనిషి పని తింటుంది. ఆ ఖర్చును గడువులోగా కట్టినవారి నెత్తిన వేయడం న్యాయమా?

న్యాయవాది: అది న్యాయం కాదు, ఒప్పుకోవలసిందే. అయితే నోటీసు ఖర్చు నోటీసుకు ఒకసారి అవుతుంది, నెల నెలా పెరగదు. ఇంటి విలువను బట్టి కూడా మారదు. 50 రూపాయల పన్ను గల 375 చదరపు అడుగుల లోపు ఇంటికీ, లక్ష రూపాయల పన్ను గల కల్యాణ మండపానికీ వెళ్లే మనిషి అదే మనిషి, తొక్కే సైకిలు అదే సైకిలు. ఖర్చును ఖర్చుగా, నోటీసు రుసుముగా విడిగా వేయండి. దానిని వడ్డీలో కలిపితే ఎంత ఖర్చయిందో ఎవరికీ తెలియదు, ఎంత మిగిలిందో అసలే తెలియదు. ఆదాయపు పన్ను చట్టంలో ఇదే అసమానత ఇంకా తేటగా కనిపిస్తుంది. రిటర్ను ఆలస్యమైతే నెలకు నూటికి రూపాయి వడ్డీ, అదే ప్రభుత్వం ఎక్కువ వసూలు చేసిన పన్ను తిరిగి ఇచ్చేటప్పుడు నెలకు అర్ధ రూపాయి. అక్కడా ఒకటికి రెండు. కానీ అక్కడ రిటర్ను ఆలస్యానికి వేసే వడ్డీ రూపాయే, ఇక్కడ రూపాయి రాయితీ దగ్గరే ఆగిపోయింది.

రాయితీని వడ్డీతో పోల్చే ఈ లెక్కకు అధికారి నుంచి పూర్తి సమాధానం రాలేదు. రాయితీ అనేది ప్రోత్సాహమని, దానిని వడ్డీ రేటుగా చదవడం అతి తెలివి అని ఆయన అభిప్రాయం. కానీ గడువుకు ముందు వచ్చిన సొమ్ముకు ఇచ్చే తగ్గింపు ఏ పేరుతో పిలిచినా కాలానికి కట్టిన వెలే అవుతుంది. ధాన్యం కొనే వ్యాపారి ముందే సొమ్ము ఇస్తే ధర తగ్గించే రైతుకు ఈ విషయం ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ అంశంలో న్యాయవాది పక్షమే గట్టిది.

తరువాత వాదం వడ్డీ రేటు నుంచి వడ్డీ పోగుకు మారింది. న్యాయవాది అదే 3,000 రూపాయల ఇంటిని తీసుకుని, పన్ను మారదనుకుని లెక్క వేసింది. మొదటి ఏడాది చివర, అంటే మార్చి 31న, మొదటి వాయిదాపై తొమ్మిది నెలలకు 270, రెండవదానిపై మూడు నెలలకు 90, మొత్తం 360 రూపాయల వడ్డీ. ఐదేళ్లు కట్టకపోతే పన్ను బకాయి 15,000, వడ్డీ 9,000. తొమ్మిదో ఏడు ముగిసేసరికి పన్ను 27,000 అయితే వడ్డీ 29,160. అంటే వడ్డీ అసలును దాటిపోయింది. ఏ ఒక్క వాయిదానైనా విడిగా చూస్తే 50 నెలలకు, అనగా నాలుగేళ్ల రెండు నెలలకు, దాని వడ్డీ దానితో సమానమవుతుంది.

న్యాయవాది: బాబాయి గారూ, వడ్డీ అసలును మించరాదన్నది ఈ దేశంలో కొత్త మాట కాదు. ధర్మశాస్త్రాల నుంచి వచ్చి బొంబాయి ప్రాంత న్యాయస్థానాలు దామ్‌దుపట్ పేరుతో అమలు చేసిన సూత్రం అదే: ఒక సమయంలో వసూలు చేసే వడ్డీ అసలు కంటే ఎక్కువ కారాదు. గుంటూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది కదా, అక్కడ 1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన రైతుల రుణ విమోచన చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు రుణం తీరినట్టే అన్నది. షావుకారుకు కట్టిన ఆ కట్టడిని ప్రభుత్వం తనకు తాను కట్టుకోకపోవడం ఎలా సమర్థనీయం?

అధికారి: షావుకారు అప్పు వేరు, పన్ను వేరు. అప్పు ఇద్దరి మధ్య ఒప్పందం, అందులో బలవంతుడి నుంచి బలహీనుడిని కాపాడడానికి ఆ చట్టం వచ్చింది. పన్ను ఊరందరి ఉమ్మడి చందా. సాగర్ కుడి కాలువ నుంచి వచ్చిన నీటిని శుద్ధి చేసి కుళాయికి ఎక్కించే మోటారు, వీధి దీపం, మురుగు కాలువ తీసే మనిషి, ఇవేవీ ఐదేళ్లు ఆగలేదు. కట్టనివారి వాటాను కట్టినవారు మోశారు. వడ్డీకి పై హద్దు పెడితే ఏమవుతుందో ఆలోచించండి. నాలుగేళ్లు ఆగిన వ్యక్తికి ఆ తరువాత ఎంత ఆగినా ఒక్క రూపాయి పెరగదు. అప్పుడు ఆయన పదేళ్లు ఆగడానికి కారణం మీరే ఇచ్చినవారు అవుతారు. పైగా ఆస్తి పన్ను ఆ ఇంటి మీద ప్రథమ భారం, అంటే భూమి శిస్తు తరువాత మిగిలిన అప్పులన్నిటికంటే ముందు ఆ ఆస్తి నుంచే రాబట్టుకోదగిన హక్కు. ఆ హక్కు ఉన్న తరువాత కూడా సంఘాలు వసూలుకు బతిమాలవలసి వస్తోందంటే, వడ్డీ ఒక్కటే చేతిలో ఉన్న కర్ర.

న్యాయవాది: ప్రథమ భారం ఉన్నప్పుడు పదేళ్లు ఎందుకు ఊరుకున్నారన్నదే అసలు ప్రశ్న. రెండేళ్లకు వారెంటు జారీ చేసి ఉంటే ఆ ఇంటివారికి తొమ్మిదో ఏడు వచ్చేదే కాదు. వడ్డీ పెరగడం కట్టనివారి నిర్లక్ష్యానికి గుర్తు అయితే, అడగకపోవడం ఎవరి నిర్లక్ష్యానికి గుర్తు? హద్దు పెడితే సంఘానికీ గడువు వచ్చినట్టే: యాభై నెలల్లోగా వసూలు చేసుకోవాలి, లేదా ఆ తరువాతి కాలపు నష్టం తానే భరించాలి.

ఇక్కడ అధికారి కొంతసేపు మౌనం వహించి, సిబ్బంది కొరత, వార్డు సచివాలయాలలో పరిపాలనా కార్యదర్శుల మీద పడిన ఇతర పనులు, జప్తుకు వెళ్తే వచ్చే రాజకీయ ఒత్తిడి అనే మూడు కారణాలు చెప్పారు. మూడూ నిజాలే. అయినా అవి వడ్డీ రేటును సమర్థించే కారణాలు కావు. పాలన చేయలేని పనిని వడ్డీ చేత చేయించడాన్నే అవి చూపిస్తున్నాయి.

చెల్లింపు గడువుల గురించి న్యాయవాది లేవనెత్తిన అభ్యంతరం పూర్తిగా పల్నాటిది. పత్తి తీత అక్టోబరు నుంచి జనవరి వరకు సాగుతుంది. మిరప కోతలు సాధారణంగా జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తాయి. ఎండిన కాయ గుంటూరు యార్డుకు చేరి సొమ్ము చేతికి వచ్చేది ఫిబ్రవరి నుంచి మే లోపు. మొదటి వాయిదా గడువైన జూన్ చివరి నాటికి ఆ సొమ్ము విత్తనాలకు, ఎరువులకు, పిల్లల బడి ఫీజులకు వెళ్లిపోతుంది. రెండవ వాయిదా గడువైన డిసెంబరు చివరకు మిరప ఇంకా చేలోనే ఉంటుంది, చేతిలో ఉండేది పురుగుమందుల అప్పు. నెల జీతగాడిని ఊహించుకుని రాసిన గడువులు ఇవి అని, మాచర్లలోనో గురజాలలోనో ఇల్లున్న రైతుకు అవి రెండూ తప్పు నెలలే అని ఆమె వాదన.

అధికారి దీనికి ఇచ్చిన జవాబు ఈ సంవాదంలో ఆయన పక్షాన వచ్చిన మంచి జవాబుల్లో ఒకటి. ఏప్రిల్ 30 రాయితీ గడువు మిరప సొమ్ము చేతిలో ఉన్న రోజులకు సరిగ్గా సరిపోతుందనీ, రైతు యజమాని ఏడాదికి ఒక్కసారి ఏప్రిల్‌లో కడితే జూనూ డిసెంబరూ ఆయనకు పట్టనే పట్టవనీ, పైగా నూటికి ఐదు మిగులుతాయనీ ఆయన చెప్పారు. ఈ సంగతి వార్డుల్లో చెప్పవలసినంతగా చెప్పలేదని కూడా ఆయనే ఒప్పుకున్నారు. గురజాల వంటి ఊరిలో, 2021 నవంబరులో తొలి నగర పంచాయతీ ఎన్నికలు జరిగిన చోట, పంచాయతీ నాటి ఇంటి పన్నుకూ పురపాలక చట్టపు అర్ధ సంవత్సర డిమాండుకూ ఉన్న తేడా ఇంటింటికీ వివరించవలసిన విషయం.

న్యాయవాది: తాళం వేసిన ఇళ్ల సంగతి చెప్పండి. పల్నాడు నుంచి హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లినవారి ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. నోటీసు తలుపుకు అంటించి వస్తారు, వానకు అది ఊడిపోతుంది. తనకు డిమాండు ఎంతో తెలియనివారి మీద కూడా జూలై ఒకటి నుంచి వడ్డీ నడుస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి మూల ధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్కగట్టే భూమి, కట్టడాల విలువ మీద వేయడం మొదలైంది. నివాసాలకు ఆ విలువలో నూటికి 10 పైసల నుంచి 50 పైసల దాకా, ఇతర కట్టడాలకు 20 పైసల నుంచి 2 రూపాయల దాకా రేటు పెట్టే వీలుంది. పెంపు ఏడాదికి 15 శాతం దాటరాదన్నారు. మంచిదే, కానీ కట్టవలసిన మొత్తం ఏటా మారుతున్నప్పుడు, తెలియజేయకుండా వడ్డీ లెక్కించడం మరీ అన్యాయం.

అధికారి: నోటీసు అందిన నాటి నుంచే వడ్డీ అంటే, నోటీసు తీసుకోనివారే లాభపడతారమ్మా. ఇల్లు ఉన్నదని తెలిసినవారికి పన్ను ఉన్నదని తెలుసు. అసెస్‌మెంట్ నంబరు, అంటే ఆ ఇంటికి పురపాలక సంఘం ఇచ్చిన పన్ను ఖాతా సంఖ్య, ఒక్కటి దగ్గర ఉంటే డల్లాస్‌లో కూర్చుని కూడా బకాయి చూసి కట్టవచ్చు. ఆ రోజుల్లో తెలియలేదన్న మాటకు కాస్త విలువ ఉండేది, ఈ రోజుల్లో లేదు.

ఈ అంశంలో అధికారి మాటే సబబు. విదేశంలో ఉంటూ పల్నాటి ఇంటి అద్దెను ఫోనులో అందుకునేవారు ఆ ఇంటి పన్నును ఫోనులో కట్టలేమనడం కుదరదు. న్యాయవాది మాట నిలిచేది వృద్ధుల విషయంలో, ఫోను వాడలేని ఒంటరివారి విషయంలో, పంపకాలు తేలక పన్ను ఖాతా చనిపోయిన తండ్రి పేరునే మిగిలిన ఇళ్ల విషయంలో.

పల్నాడులో పన్ను గురించి మాట్లాడేవారు కన్నెగంటి హనుమంతును తలవకుండా ఉండలేరు. అడవిలో పశువులు మేపుకున్నందుకు బ్రిటిషు ప్రభుత్వం వేసిన పుల్లరి, అంటే పచ్చిక పన్ను, కట్టబోమని నిలిచి మించాలపాడులో 1922 ఫిబ్రవరి 22న పోలీసు తూటాలకు ఆయన బలయ్యారు. అంతకు ముందు ఏడాదే అదే గుంటూరు జిల్లాలో చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పురపాలక పన్నును తిరస్కరించి, ఇళ్లు వదిలి రామనగరంలో పాకలు వేసుకున్నారు. న్యాయవాది ఈ రెండు ఉదాహరణలనూ ఎత్తి చూపగా అధికారి వెంటనే ఖండించారు. వారు ఎగవేసినవారు కారని, అడగకుండా తలపై పెట్టిన పన్నును బహిరంగంగా తిరస్కరించి దాని ఫలితాన్ని భరించినవారని, ఎన్నికైన కౌన్సిలు గల ఊరిలో చడీచప్పుడు లేకుండా బకాయి పడినవారికి ఆ పేర్లు అడ్డు పెట్టడం ఆ త్యాగానికి మచ్చ తేవడమని ఆయన అన్నారు. న్యాయవాది ఆ మాటను అక్కడితో వదిలేసింది, వదిలేయడమే సరైనది.

ఇద్దరికీ సమంగా కోపం తెప్పించిన విషయం ఒకటే, వడ్డీ మాఫీ. 2025 మార్చి చివరి వారంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఆస్తి పన్ను బకాయిలను ఆ నెలాఖరులోగా ఒకేసారి కట్టినవారికి పేరుకున్న వడ్డీలో సగం తగ్గిస్తామని ప్రకటించింది. పొరుగున హైదరాబాదు మహానగరపాలక సంస్థ 2020లో, మళ్లీ 2022లో, వడ్డీలో నూటికి 90 మాఫీ చేసే పథకాలు నడిపింది. ఆ రోజుల్లో కౌంటర్ల దగ్గర బారులు తీరుతాయి, ఏడాది చివరి డీసీబీ పట్టిక అందంగా కనిపిస్తుంది.

అధికారి: జూన్‌లో కట్టినవారు మాకు ఏం మిగిలిందని అడిగితే జవాబు లేదు. తొమ్మిదేళ్లు కట్టనివారికి 29,160లో సగం, అంటే 14,580 రూపాయలు ఒక్క సంతకంతో పోతాయి. తొమ్మిదేళ్లు ఏప్రిల్‌లోనే కట్టినవారికి ఏడాదికి 150 చొప్పున మొత్తం 1,350 రాయితీ. ఎవరిని మెచ్చుకున్నట్టు? ఒకసారి మాఫీ వచ్చిందంటే ఆ తరువాత పదేళ్లు బిల్లు కలెక్టరు మాటకు విలువ ఉండదు. ఇంకోసారి వస్తుంది లెమ్మని తలుపు దగ్గరే జవాబు.

న్యాయవాది: మీ లెక్కలోనే అసలు విషయం ఉంది బాబాయి గారూ. రెండు రూపాయల వడ్డీలో సగం మాఫీ అంటే ఏమిటి? నెలకు నూటికి రూపాయి. ఏప్రిల్ రాయితీలో దాగిన రేటు అదే, ఆదాయపు పన్ను చట్టం రేటు అదే. ప్రభుత్వానికి కూడా న్యాయమనిపించిన రేటు రూపాయే, కాకపోతే దానిని చట్టంలో రాయకుండా మార్చి నెలాఖరున దయగా పంచుతోంది. చట్టంలోనే రూపాయి రాసి మాఫీలను శాశ్వతంగా మానేస్తే, జూన్‌లో కట్టలేక సెప్టెంబరులో కట్టిన నిజాయతీపరుడు రెండు రూపాయలు కట్టి, తొమ్మిదేళ్లు దాక్కున్నవారు రూపాయి కట్టే అన్యాయం పోతుంది.

అధికారి: రేటు తగ్గించి మాఫీ మానేస్తారని మీరు నమ్ముతున్నారు. రేటు తగ్గించిన తరువాత మాఫీలూ ఇస్తారని నా భయం. మాఫీ అధికారాన్నే చట్టం నుంచి తీసివేసినప్పుడు రూపాయికి అభ్యంతరం లేదు. అంతవరకు రెండు ఉండవలసిందే.

ఇద్దరి మధ్య దూరం ఇక్కడికి చాలా తగ్గింది, కానీ మిగిలిన దూరం చిన్నది కాదు. న్యాయవాదికి వడ్డీ తగ్గింపు మాఫీల నిలుపుదలకు మార్గం. అధికారికి మాఫీల నిలుపుదల వడ్డీ తగ్గింపుకు షరతు. ఏది ముందు అన్న ఈ చిక్కు నరసరావుపేటలో తేలేది కాదు. రాజ్యాంగం 243ఎక్స్ అధికరణం ప్రకారం పురపాలక సంఘానికి పన్ను వేసే అధికారాన్ని ఇచ్చేది రాష్ట్ర శాసనసభ. వడ్డీ రేటూ, మాఫీ ఉత్తర్వూ రెండూ రాజధానిలోనే తయారవుతాయి. రాబడి పోయేది మాత్రం పట్టణానికి. పదిహేనవ ఆర్థిక సంఘం పట్టణాల గ్రాంట్లకు ఆస్తి పన్ను వసూళ్ల పెరుగుదలను షరతుగా పెట్టినందువల్ల ఆ నష్టం పన్నుతోనే ఆగదు. తాము తీసుకోని నిర్ణయానికి మూల్యం చెల్లించే పురపాలక కౌన్సిళ్లు దీనిపై ఇకనైనా గట్టిగా అడగవలసి ఉంది.

ప్రభుత్వ కార్యాలయాల బకాయిల ప్రస్తావన వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే మాట మీద నిలిచారు. రాష్ట్ర ప్రభుత్వ శాఖల భవనాలు కూడా పన్ను కట్టవలసినవే, అవి ఆలస్యం చేసినప్పుడు పౌరుడికి వేసిన వడ్డీనే వాటికీ వేసి, బడ్జెట్టు నుంచి నిజంగా చెల్లించినప్పుడే ఇంటి గుమ్మం దగ్గర అడిగేవారికి నోరు లేస్తుంది.

పాఠకుల దగ్గర డిమాండు నోటీసు ఉంటే దానిలో పన్ను అంకెతో పాటు వడ్డీ అంకెను కూడా చదవవలసిందిగా, అది ఏ అర్ధ సంవత్సరపు బకాయిపై ఎన్ని నెలలకు పడిందో వాయిదాల వారీగా వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవలసిందిగా మనవి. బకాయి లేనివారికి గడువు ఏప్రిల్ 30.